క్వార్టర్ ఎండ్‌లో జీతాల లెక్కలు: ఏది నెలనెలా కట్టాలి, ఏది మూడు నెలలకోసారి చూపించాలి

మార్చి ముగిసి ఏప్రిల్ మొదలైతే చాలు, బెంగళూరులో మారతహళ్ళి, కుందలహళ్ళి, బీటీఎం వైపు చిన్న చిన్న కంపెనీలు నడుపుకునే మనవాళ్ళందరి నోటా ఒకటే మాట, "క్వార్టర్ ఎండ్ వచ్చేసింది, మొత్తం ఎంత కట్టాలి, లాస్ట్ డేట్ ఎప్పుడు?" అని. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే జీతాల తాలూకు డబ్బుల్లో క్వార్టర్ ఎండ్‌కి కట్టేది దాదాపు ఏమీ ఉండదు. కట్టాల్సినవన్నీ నెలనెలా కట్టేసి ఉండాలి, మూడు నెలలకోసారి ఇచ్చేది వాటి లెక్క మాత్రమే. ఈ రెండిటినీ కలిపేసుకోవడం దగ్గరే నోటీసుల గోల మొదలవుతుంది.

దానికి తోడు ఇప్పుడు ఇంకో రెండు కొత్త విషయాలు వచ్చి పడ్డాయి. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి, 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది. వాట్సాప్ గ్రూపుల్లో ఈ రెండూ కలిపి వండేస్తున్నారు. 2025-26 లెక్కలన్నీ పాత చట్టం కిందే కాబట్టి ఇక్కడ పాత సెక్షన్లు, పాత ఫారం నంబర్లే వాడుతున్నా. కొత్త చట్టంలో జీతాల టీడీఎస్ (ముందే పట్టుకునే ట్యాక్స్) సెక్షన్ 192 నుంచి 392కి పోయింది, మిగతా టీడీఎస్‌లు చాలావరకు 393 కిందకి చేరాయి, నంబర్లు మారినంతగా లెక్క వేసే పద్ధతి మారలేదు.

ముందు ఎవరి డబ్బు ఎవరికి వెళ్తుందో చూద్దాం

జీతం స్లిప్పులో కటింగ్స్ అని కనిపించేవన్నీ ఒకే రకం కావు. టీడీఎస్ అంటే ఉద్యోగి ఏడాది చివర్లో కట్టాల్సిన ట్యాక్స్‌ని యజమాని ముందే కొంచెం కొంచెంగా పట్టుకుని కేంద్రానికి కట్టడం. పీఎఫ్ ఉద్యోగి పొదుపు, అతని వాటా 12 శాతం, కంపెనీ వాటా ఇంకో 12 శాతం, కంపెనీ వాటాలోంచే 8.33 శాతం పెన్షన్‌కి పోతుంది, అదీ 15,000 జీతం వరకే లెక్క, అంటే నెలకి గరిష్ఠంగా 1,250. ఈఎస్ఐ వైద్యం కోసం, జీతం 21,000 వరకు ఉన్నవాళ్ళకి, ఉద్యోగి 0.75 శాతం, కంపెనీ 3.25 శాతం. ప్రొఫెషనల్ ట్యాక్స్, అందరూ పీటీ అంటారు కదా, అది రాష్ట్రానిది.

టీడీఎస్, పీఎఫ్‌లో ఉద్యోగి వాటా, పీటీ, ఈ మూడూ కంపెనీ డబ్బు కాదు, ఉద్యోగి దగ్గర పట్టుకుని వేరేవాళ్ళకి అందించాల్సిన డబ్బు. చట్టం వీటి విషయంలో అంత కఠినంగా ఉండేది అందుకే. క్లయింట్ పేమెంట్ రాలేదు కాబట్టి ఈ నెల టీడీఎస్ తర్వాత కడదాం అనుకోవడం చాలాచోట్ల మామూలు విషయంలా అయిపోయింది గానీ, ఆ వాదన ఏ ఆఫీసర్ ముందూ నిలబడదు.

డబ్బుకో తేదీ, లెక్కకో తేదీ

టీడీఎస్ పట్టిన నెల తర్వాత నెల 7వ తేదీలోగా కట్టాలి. మార్చిలో పట్టింది మాత్రం ఏప్రిల్ 30 వరకు టైం ఉంది. పీఎఫ్, ఈఎస్ఐ తర్వాత నెల 15లోగా, కర్ణాటక పీటీ 20లోగా. ఇవి డబ్బు తేదీలు.

లెక్క తేదీలు వేరే. జీతాల టీడీఎస్‌కి 24క్యూ అనే రిటర్న్ ఫారం, కాంట్రాక్టర్లు, కన్సల్టెంట్లు, అద్దె లాంటి వాటికి 26క్యూ. జూన్ క్వార్టర్‌ది జూలై 31కి, సెప్టెంబర్‌ది అక్టోబర్ 31కి, డిసెంబర్‌ది జనవరి 31కి, మార్చిది మే 31కి ఫైల్ చేయాలి. పీఎఫ్‌కి, ఈఎస్ఐకి క్వార్టర్లీ రిటర్న్ అనేదే లేదు, నెలవారీ ఫైలే రిటర్న్. అయినా "పీఎఫ్ క్వార్టర్లీ ఎప్పుడు ఫైల్ చేస్తారు?" అని అడిగేవాళ్ళు ప్రతిసారీ ఒకరైనా తగులుతారు.

టీడీఎస్ ఒక్క రోజు లేటైతే ఏమవుతుందో లెక్కేద్దాం. డిసెంబర్ 31న లక్ష రూపాయలు టీడీఎస్ పట్టారు, జనవరి 7న కట్టాల్సింది 8న కట్టారు. లేటు ఒక్క రోజే కదా, వడ్డీ వందో రెండు వందలో అనుకుంటాం. కానీ పట్టి కట్టకపోతే వడ్డీ నెలకి 1.5 శాతం, నెలలో కొంత భాగమైనా పూర్తి నెల కిందే లెక్క, అదీ గడువు తేదీ నుంచి కాదు, పట్టిన తేదీ నుంచి. అందువల్ల డిపార్ట్‌మెంట్ సిస్టం డిసెంబర్ ఒక నెల, జనవరి ఒక నెల అని రెండు నెలలు లెక్కగట్టి 3,000 వేస్తుంది. దీని మీద వివాదం ఉంది. నెల అంటే క్యాలెండర్ నెల కాదు, 30 రోజులు అని చెప్పిన ట్రిబ్యునల్ తీర్పులున్నాయి, ఆ లెక్కన ఇక్కడ ఒక్క నెలే, 1,500. న్యాయంగా చూస్తే రెండో వాదనే సబబుగా అనిపిస్తుంది, కానీ 1,500 కోసం అప్పీలుకి వెళ్ళే చిన్న కంపెనీ ఎక్కడుంది చెప్పండి, అందరూ 3,000 కట్టేసి ఊరుకుంటారు.

రిటర్న్ లేటైతే అది ఇంకో లెక్క. రోజుకి 200, ఒక్కో స్టేట్‌మెంట్‌కి విడిగా. 24క్యూ, 26క్యూ రెండూ 40 రోజులు లేటైతే ఒక్కోదానికి 8,000. అయితే ఆ క్వార్టర్ టీడీఎస్ మొత్తాన్ని మించి ఫీజు వేయకూడదు, 26క్యూలో టీడీఎస్ 6,500 మాత్రమే ఉంటే ఫీజు అక్కడే ఆగిపోతుంది.

డిసెంబర్ జీతం జనవరిలో పడితే ఏ క్వార్టర్‌లో చూపించాలి

అసలు చిక్కు ఇక్కడుంది. బెంగళూరులో చాలా చిన్న కంపెనీలు నెలాఖరున కాకుండా తర్వాత నెల మొదట్లో జీతాలు వేస్తాయి. డిసెంబర్ జీతం జనవరి 3న బ్యాంకులోంచి వెళ్ళిందనుకుందాం.

పీఎఫ్, ఈఎస్ఐకి ఇది డిసెంబర్ జీతమే, జనవరి 15కి కట్టాలి, జీతం ఎప్పుడు వేశారన్నదాంతో పని లేదు. పీటీ కూడా డిసెంబర్ నెలదే. కానీ జీతం మీద టీడీఎస్ అలా కాదు, 192 సెక్షన్ ప్రకారం జీతం చెల్లించేటప్పుడు పట్టాలి. అంటే పట్టింది జనవరి 3న, కట్టాల్సింది ఫిబ్రవరి 7కి, చూపించాల్సింది మార్చి క్వార్టర్ 24క్యూలో. ఒకే జీతం, ఒకే స్లిప్పు, కానీ పీఎఫ్ ఒక క్వార్టర్‌లో, టీడీఎస్ ఇంకో క్వార్టర్‌లో పడ్డాయి. అకౌంట్స్‌లో డిసెంబర్ జీతాల ఖర్చు, 24క్యూలో డిసెంబర్ క్వార్టర్ జీతాలు టాలీ కావట్లేదని కంగారు పడేవాళ్ళలో చాలామంది సమస్య ఇదే, అక్కడ తప్పేమీ ఉండదు.

కొందరు అకౌంటెంట్లు ఈ తేడాయే ఉండకూడదని జీతం ఎప్పుడు వేసినా ఆ నెలదిగానే టీడీఎస్ కట్టేస్తారు, డిసెంబర్‌ది జనవరి 7కే వెళ్ళిపోతుంది. ముందే కట్టారు కాబట్టి ప్రభుత్వానికి నష్టం లేదు, లెక్కలు శుభ్రంగా ఉంటాయి అంటారు. రెండో వర్గం, 24క్యూలో చెల్లించిన తేదీ, పట్టిన తేదీ అని కాలమ్స్ ఉన్నాయి, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జనవరి 3 ఉంటే మీరు డిసెంబర్ 31 అని ఎలా రాస్తారు, ఆడిట్‌లో అడిగితే ఏం చెప్తారు అంటుంది. చట్టం మాటల్ని బట్టి రెండోవాళ్ళదే కరెక్ట్, పనిలో సౌకర్యం మొదటిదానిలో ఉంది. ఏది పట్టుకున్నా ఏడాది పొడవునా అదే పట్టుకోవాలి, మధ్యలో మారిస్తే ఒక క్వార్టర్‌లో నాలుగు జీతాలు, ఇంకోదాంట్లో రెండు జీతాలు కనిపిస్తాయి.

కాంట్రాక్టర్లు, కన్సల్టెంట్ల విషయంలో రూల్ ఇంకోలా ఉంటుంది. డబ్బు ఇచ్చినప్పుడా, బుక్స్‌లో వాళ్ళ ఖాతాకి జమ రాసినప్పుడా, ఏది ముందైతే అప్పుడే టీడీఎస్. డిసెంబర్ 31న బిల్లుకి ఎంట్రీ వేసి ఫిబ్రవరిలో డబ్బులిచ్చినా టీడీఎస్ జనవరి 7కే కట్టాలి. సస్పెన్స్ ఖాతాలో పెట్టాం కదా అన్నా తప్పించుకోలేరు, చట్టం దాన్నీ జమ కిందే చూస్తుంది.

బోనస్ ఇచ్చిన నెలలో టీడీఎస్ ఎంత పట్టాలి

ఒకాయన జీతం ఏడాదికి 15,00,000, కొత్త రెజీమ్‌లో (రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ ఉండే పద్ధతిలో) ఉన్నాడు. 2025-26 లెక్కన స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 14,25,000. మొదటి 4 లక్షలకి ట్యాక్స్ లేదు, 4 నుంచి 8 వరకు 5 శాతం కాబట్టి 20,000, 8 నుంచి 12 వరకు 10 శాతం అంటే 40,000, మిగిలిన 2,25,000కి 15 శాతం 33,750. మొత్తం 93,750, దానిమీద 4 శాతం సెస్ 3,750, కలిపి 97,500. పన్నెండు నెలలకి పంచితే నెలకి 8,125.

డిసెంబర్‌లో 1,20,000 బోనస్ ఇచ్చారు. ఆదాయం 15,45,000 అయింది, ట్యాక్స్ సెస్‌తో కలిపి 1,16,220. అంటే బోనస్ వల్ల పెరిగింది 18,720. నవంబర్ దాకా ఎనిమిది నెలల్లో పట్టింది 65,000, ఇంకా 51,220 రావాలి. మిగిలిన నాలుగు నెలలకి సమానంగా పంచితే నెలకి 12,805. లేదంటే పెరిగిందంతా డిసెంబర్‌లోనే పట్టేస్తే ఆ నెల 26,845, తర్వాత మళ్ళీ 8,125.

ఉద్యోగులకి మొదటిదే ఇష్టం, పండగ ముందు చేతికి ఎక్కువ వస్తుంది కదా. కంపెనీకి రెండోది భద్రం, ఎందుకంటే బోనస్ తీసుకుని జనవరిలో మానేసిన మనిషి దగ్గర మిగిలిన ట్యాక్స్ ఎక్కడ పడతారు. ఏడాదిలో తక్కువ పట్టినా ఎక్కువ పట్టినా మిగతా నెలల్లో సర్దుకోవచ్చని 192లోనే ఉంది, కాబట్టి రెండూ తప్పు కాదు. మనుషులు తరచూ మానేసే ఐటీ సర్వీసు కంపెనీల్లో రెండోదే మంచిదని నా అభిప్రాయం.

24క్యూ ఫైల్లో ఏముంటుంది, ఎక్కడ తేడా కొడుతుంది

మొదటి మూడు క్వార్టర్ల 24క్యూలో అనెక్షర్ 1 మాత్రమే ఉంటుంది, ఏ చలాన్‌లో ఎవరి టీడీఎస్ ఎంత అన్నది. మార్చి క్వార్టర్‌లో మాత్రం అనెక్షర్ 2 కూడా, అంటే ప్రతి ఉద్యోగి ఏడాది మొత్తం జీతం, మినహాయింపులు, ఏ రెజీమ్, పాత కంపెనీ జీతం ఏమైనా ఉంటే అది, అన్నీ. జూన్ 15లోగా ఇవ్వాల్సిన ఫారం 16 దీన్నిబట్టే వస్తుంది. మే నెలలో పేరోల్ వాళ్ళు ఫోన్లు ఎత్తకపోవడానికి కారణం ఇదే.

పని అంతా చలాన్ టాలీలో ఉంటుంది. ప్రతి చలాన్‌కి ఏడంకెల బీఎస్ఆర్ కోడ్ (బ్యాంకు బ్రాంచి నంబర్), కట్టిన తేదీ, ఐదంకెల చలాన్ నంబర్ ఉంటాయి, ఈ మూడూ బ్యాంకు పంపిన వివరాలతో కలవాలి. కలిశాక ఆ చలాన్ కింద రాసిన ఉద్యోగుల టీడీఎస్ కూడితే చలాన్ మొత్తాన్ని దాటకూడదు. నవంబర్‌లో 1,95,000 కట్టి, ఎక్సెల్ షీట్‌లో కూడితే 1,96,200 వస్తే ఆ 1,200కి షార్ట్ పేమెంట్ అని డిఫాల్ట్ పడుతుంది. ఎక్కడిదా అని వెతికితే మామూలుగా నెలాఖరున జీతం ప్రాసెస్ అయ్యాక ఎవరిదో లాస్ ఆఫ్ పే (జీతం లేని సెలవు) మార్చి ఉంటారు, షీట్ మారింది, చలాన్ మారలేదు.

ప్యాన్ విషయం ఇంకా కష్టం. ఫైల్ చెక్ చేసే సాఫ్ట్‌వేర్ ప్యాన్ ఆకారం సరిగ్గా ఉందా అనే చూస్తుంది, అది మీ ఉద్యోగిదేనా అన్నది దానికి తెలీదు. ఒక అక్షరం తప్పు పడి ఆ ప్యాన్ ఇంకెవరిదో అయితే ఫైల్ హాయిగా పాస్ అయిపోతుంది, డబ్బు ఆ ఇంకొకరి 26ఏఎస్‌లో, అంటే వాళ్ళ పేరు మీద జమైన ట్యాక్స్ చూపించే స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. ఇది బయటపడేది జూలైలో ఉద్యోగి తన రిటర్న్ వేసుకునేటప్పుడే.

పీఎఫ్ లేటు మీద కోర్టులు ఏమన్నాయి

పీఎఫ్ లేటైతే వడ్డీ, డ్యామేజీలు ఎలాగూ ఉంటాయి. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో దెబ్బ వేరే. ఉద్యోగి వాటా గడువు దాటి కడితే కంపెనీకి అది ఖర్చు కింద ఒప్పుకుంటారా లేదా అని ఏళ్ళ తరబడి కొట్లాట నడిచింది. కంపెనీ రిటర్న్ గడువులోపు కడితే చాలని కర్ణాటక హైకోర్టు అంది, కుదరదని గుజరాత్ హైకోర్టు అంది. 2022 అక్టోబర్ 12న చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు గుజరాత్ దారినే ఒప్పుకుంది. ఉద్యోగి వాటా కంపెనీ దగ్గర నమ్మకం మీద ఉంచిన డబ్బు, పీఎఫ్ గడువు దాటితే పాత చట్టం కింద ఆ ఖర్చు ఇక శాశ్వతంగా పోయినట్టే. కంపెనీ వాటాకి మాత్రం రిటర్న్ గడువు వరకు వెసులుబాటు ఉంది.

ఒక కంపెనీలో 24 మంది, ఉద్యోగి వాటా తలా 1,800, నెలకి 43,200. 15న కట్టాల్సింది 16న కట్టారు. లాభం మీద 22 శాతం ట్యాక్స్ కట్టే స్కీంలో ఉన్న కంపెనీకి సర్‌ఛార్జి, సెస్ కలిపితే 25.168 శాతం, అంటే దాదాపు 10,870 అదనపు ట్యాక్స్, ఒక్క రోజుకి. ఇది కఠినమే, సర్వర్ మొరాయించిన రోజున కూడా ఇదే శిక్షా అని అడిగేవాళ్ళ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ డబ్బు కట్టకుండా వాడేసుకున్న కంపెనీల్లో పనిచేసి పీఎఫ్ పాస్‌బుక్‌లో ఖాళీ నెలలు చూసుకున్నవాళ్ళని అడిగితే ఇంకోలా చెప్తారు.

ఈఎస్ఐ, పీటీ: బెంగళూరుకీ చెన్నైకీ తేడా

ఈఎస్ఐ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని ఆరు నెలల లెక్కలో నడుస్తుంది. ఏప్రిల్‌లో 20,500 ఉన్నమ్మాయికి జూలైలో 22,500 చేస్తే జూలై నుంచే ఆపేస్తారు చాలామంది, అది తప్పు. సెప్టెంబర్ దాకా 22,500 మీద కట్టాల్సిందే, ఆమె వాటా 169, కంపెనీది 732.

కర్ణాటకలో పీటీ నెలనెలా, జీతం 25,000 కంటే తక్కువైతే లేదు, 25,000 నుంచి నెలకి 200, 2025 ఏప్రిల్ నుంచి ఫిబ్రవరిలో 300. పదకొండు నెలలు 200, ఒక నెల 300 కలిపితే 2,500, రాజ్యాంగం పెట్టిన పరిమితి సరిగ్గా అంతే. చెన్నైలో ఇది కార్పొరేషన్‌కి ఆరు నెలలకోసారి కడతారు, గరిష్ఠంగా 1,250. చెన్నై బ్రాంచి కూడా ఉన్న కంపెనీల్లో బెంగళూరు పద్ధతినే అక్కడా నెలనెలా లాగించేసి చివర్లో తల పట్టుకోవడం మామూలే.

ఇంకో తలనొప్పి ఇంటి నుంచి పనిచేసేవాళ్ళది. కంపెనీ బెంగళూరులో, అబ్బాయి గుంటూరులో ఇంట్లో కూర్చుని పని, జీతం 22,000. కర్ణాటక లెక్కన పీటీ సున్నా, ఆంధ్ర లెక్కన 20,000 దాటింది కాబట్టి 200. పని ఎక్కడ జరిగితే ఆ రాష్ట్రానిదే అని కొందరు, ఆఫీసు ఎక్కడుంటే అక్కడిదే, ఒక్క మనిషి కోసం ఇంకో రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఏంటి అని ఇంకొందరు. చిన్న కంపెనీలు ఎక్కువగా రెండోదాని మీదే నడుస్తున్నాయి.

లేబర్ కోడ్‌లతో చేతికొచ్చే జీతం తగ్గుతుందా

కోడ్ ప్రకారం హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్స్), కన్వేయన్స్, ఓవర్‌టైం లాంటి కొన్ని మాత్రమే వేతనం లెక్కలోకి రావు, అవి కూడా మొత్తంలో సగాన్ని మించితే మించినంత మళ్ళీ వేతనంలో కలుస్తుంది. ఒకరికి నెలకి 40,000, అందులో బేసిక్ 14,000, హెచ్‌ఆర్‌ఏ 10,000, స్పెషల్ అలవెన్స్ 16,000. ఇన్నాళ్ళూ బేసిక్ మీదే పీఎఫ్ పట్టిన కంపెనీలో అది 1,680. ఇప్పుడు వేతనం 30,000. అయ్యో 3,600 పోతుందా అంటే అక్కర్లేదు, 15,000 పరిమితి మీద కట్టే కంపెనీలో 1,800 దగ్గరే ఆగుతుంది, తేడా 120. కార్మిక శాఖ కూడా 2025 డిసెంబర్‌లో ఇదే వివరణ ఇచ్చింది, 15,000 దాటింది ఇష్టపూర్వకం అని. అసలు మార్పు గ్రాట్యుటీలో, అంటే మానేసేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే మొత్తంలో ఉంది. ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం, 26తో భాగించి, 14,000 మీద 8,077 వచ్చేది 30,000 మీద 17,308 అవుతుంది. ఉద్యోగి భయపడుతున్నది చేతికొచ్చే జీతం గురించి, యజమాని భయపడాల్సింది గ్రాట్యుటీ గురించి.

మనిషి వెళ్ళిపోతే ఫైనల్ సెటిల్‌మెంట్ రెండు పని దినాల్లో చేయాలన్నది కూడా వేతనాల కోడ్‌లో ఉంది. నలభై ఐదు రోజులు తిప్పించుకోవడం అలవాటైన కంపెనీల పేరోల్‌కి ఇదే పెద్ద మార్పు, ఎందుకంటే వెళ్ళే మనిషి టీడీఎస్ కూడా ఆ రెండు రోజుల్లోనే తేల్చాలి.

ఉద్యోగినే కన్సల్టెంట్ అని చూపిస్తే

పీఎఫ్, పీటీ గొడవ లేకుండా మనుషుల్ని కన్సల్టెంట్లుగా తీసుకోవడం స్టార్టప్‌లలో ఎక్కువ. నెలకి 60,000, ఏడాదికి 7,20,000. ఉద్యోగి అయితే కొత్త రెజీమ్‌లో రిబేట్ (ట్యాక్స్ మాఫీ) వల్ల ట్యాక్స్ సున్నా, టీడీఎస్ సున్నా. కన్సల్టెంట్ అయితే ప్రొఫెషనల్ ఫీజుల సెక్షన్ 194జే కింద 10 శాతం, నెలకి 6,000 పట్టి 26క్యూలో చూపించాలి, అతను రిటర్న్ వేసి ఏడాదికి 72,000 రీఫండ్‌కి ఎదురుచూడాలి. ఇద్దరూ ఒప్పుకున్నాక మధ్యలో ఎవరికేంటి అని యజమానులు అంటారు, నిజంగా నాలుగైదు కంపెనీలకి పనిచేసేవాళ్ళకి ఇదే సరైన దారి కూడా. కానీ పొద్దున తొమ్మిదింటికి రావాలి, లీవ్ అడగాలి, వేరేవాళ్ళకి పని చేయకూడదు అని రాసుకుంటే కాగితం మీద ఏ పేరు పెట్టినా పీఎఫ్ అధికారులు అతన్ని ఉద్యోగి కిందే చూసే వీలుంది.

జీఎస్టీ, అడ్వాన్స్ ట్యాక్స్ ఇందులోకి ఎందుకు వస్తాయి

జీతానికి జీఎస్టీ లేదు. ఇవి ఈ గందరగోళంలో కలిసేది క్యాలెండర్ వల్లే. టర్నోవర్ 5 కోట్ల లోపు ఉండి క్వార్టర్లీ స్కీంలో ఉన్నవాళ్ళకి అమ్మకాల వివరాల రిటర్న్ జీఎస్టీఆర్-1 క్వార్టర్ తర్వాత నెల 13కి, ట్యాక్స్ లెక్క చూపే 3బీ కర్ణాటకలో 22కి. అక్కడ కూడా మొదటి రెండు నెలల ట్యాక్స్ తర్వాతి నెల 25లోగా కట్టాలి, క్వార్టర్లీ అంటే డబ్బు కూడా క్వార్టర్లీ అనుకునేవాళ్ళు ఇక్కడా దొరుకుతారు. అడ్వాన్స్ ట్యాక్స్ కంపెనీ సొంత లాభం మీద, జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి 100. నిజంగా మూడు నెలలకోసారి డబ్బు కట్టేది ఇదొక్కటే, అదీ క్వార్టర్ ముగియకముందే.

తప్పు దొర్లితే సరిదిద్దుకునే టైం

24క్యూలో తప్పు ప్యాన్, తప్పు చలాన్, తక్కువ చూపిన జీతం, ఇవన్నీ ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ టీడీఎస్ సైట్ ట్రేసెస్‌లోంచి కన్సాలిడేటెడ్ ఫైల్ దించుకుని కరెక్షన్ స్టేట్‌మెంట్ వేస్తే సరిపోతాయి, ఎన్నిసార్లైనా వేయొచ్చు. పాత చట్టంలో చివరకి దీనికి ఆరేళ్ళ గడువు పెట్టారు, కొత్త చట్టంలో రెండేళ్ళే. మానేసిన ఉద్యోగి మూడేళ్ళ తర్వాత ఫోన్ చేసి "అన్నా, నా టీడీఎస్ 26ఏఎస్‌లో కనిపించట్లేదు, కొంచెం చూడండి" అంటే ఇదివరకు సరిచేసి పంపేవాళ్ళు, కొత్త చట్టం కింది స్టేట్‌మెంట్లకి ఆ దారి ఉండదు.